ఊరు మారేవాళ్ళకూ ఊళ్ళో చోటుండాలి



బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున మన ఇళ్ళలో వినిపించే ప్రశ్నలు ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. క్వార్టరు దొరుకుతుందా? దొరికేదాకా అద్దెకు ఎక్కడ ఉండాలి? నీళ్ళు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా? బడి ఎంత దూరం? అట్టపెట్టెలు తెచ్చి సామాను సర్దడం ఆ తరువాతి సంగతి. మన ఇళ్ళలో ఇవి మామూలు మాటలే. రాజధానుల్లో కూర్చుని ఆలోచించే పెద్దలు వీటినే గృహవసతి, మౌలిక వసతులు, జనాభా ప్రణాళిక అంటారు. పేర్లు పెద్దవే గానీ, విషయం మనకు బాగా తెలిసినదే.

ఈ విషయంలో మా అభిప్రాయం ఒకటి మీ ముందు పెడుతున్నాం. మన దేశంలో ఇళ్ళ గురించి ఆలోచించేటప్పుడు, ఒక ఊళ్ళో స్థిరపడి సొంత ఇల్లు కట్టుకునే కుటుంబమే ముందుగా గుర్తుకొస్తుంది. పని కోసం ఊరు మారే కుటుంబం చివరికి గాని గుర్తుకు రాదు. ఇది మారాలి. ఊరు మారేవాళ్ళకు భరించగల అద్దెకు ఇల్లు, ఆ ఇంటికి నీళ్ళు, ఆ ఇంటి పిల్లలకు బడి ప్రతి నగరం ప్రణాళికలో మొదటి పేజీల్లోనే ఉండాలి.

మనకోసం ఎవరో ముందే ఆలోచించారు

మన బడి సంగతే చూడండి. ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల చదువు మధ్యలో చెడిపోకూడదని రెండో వేతన సంఘం సిఫారసు చేసింది. దాని మీద 1962 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక పథకాన్ని ఆమోదించింది. 1963లో సైనిక స్థావరాలున్న చోట్ల నడుస్తున్న 20 రెజిమెంటల్ పాఠశాలలతో సెంట్రల్ స్కూళ్ళు మొదలయ్యాయి. అవే నేటి కేంద్రీయ విద్యాలయాలు. అస్సాంలో ఆరో తరగతి సగం చదివి, మిగతా సగం గుజరాత్‌లో పూర్తి చేసినా పాఠం తెగిపోకపోవడానికి కారణం ఇదే. ఈ పిల్లలు ఊళ్ళు మారుతారని ఎవరో ముందే ఊహించారు. దానికి తగిన ఏర్పాటు ముందే చేశారు.

క్వార్టర్ల కాలనీ కూడా అంతే. ఎన్ని కుటుంబాలు రావచ్చో లెక్క వేసి, ఉద్యోగి స్థాయిని బట్టి టైప్ 1, టైప్ 2 అంటూ ఇళ్ళు కట్టారు. ఇళ్ళతో పాటు నీళ్ళ ట్యాంకు, మురుగు కాలువ, ఆట స్థలం, డిస్పెన్సరీ కట్టారు. అన్ని కాలనీలూ బాగున్నాయని మేము అనడం లేదు. గోడలకు చెమ్మ పట్టిన క్వార్టర్లూ చూశాం, రెండేళ్ళు ఎదురుచూసినా పేరు రాని జాబితాలూ చూశాం. అయినా ఒక్క మాట నిజం. మనుషులు రాకముందే వారికి ఏమేం కావాలో ఆలోచించి కట్టిన చోటు ఎలా ఉంటుందో మనకు అనుభవం మీద తెలుసు. దేశంలో చాలామంది పిల్లలకు ఆ అనుభవం లేదు.

లెక్క తప్పితే ఇంటి ఖర్చు తప్పుతుంది

ప్రణాళికకు మొదటి మెట్టు లెక్క. జనాభా లెక్కలంటే సాంఘిక శాస్త్రం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకుంటాం. కానీ మీ నాన్నగారి, అమ్మగారి జీతం కాగితంలోనే అది ఉంది. క్వార్టరు దొరకని ఉద్యోగికి ఇచ్చే ఇంటి అద్దె భత్యం, అదే హెచ్‌ఆర్‌ఏ, ఊరి జనాభాను బట్టి మారుతుంది. 50 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్నవి ఎక్స్ నగరాలు. 5 లక్షల నుండి 50 లక్షల లోపు ఉన్నవి వై నగరాలు. మిగిలినవన్నీ జెడ్. హైదరాబాదు ఎక్స్ జాబితాలో ఉంది. విశాఖపట్నం, విజయవాడ, వరంగల్లు వై జాబితాలో ఉన్నాయి. ఏడో వేతన సంఘం పద్ధతిలో కరవు భత్యం 50 శాతం దాటాక ఈ మూడు రకాల ఊళ్ళకు మూల వేతనంలో 30, 20, 10 శాతం చొప్పున భత్యం లెక్క కడతారు.

ఈ వర్గీకరణకు ఆధారం 2011 జనాభా లెక్కలు. 2021లో జరగవలసిన లెక్కింపు కరోనా వల్ల వాయిదా పడింది. 2026లో ఇళ్ళ పట్టిక తయారు చేసి, 2027 మార్చి 1 ఆధార తేదీగా మనుషులను లెక్కించాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంటే 2011 నాటి లెక్కతో నేటి ఊరిని నడుపుతున్నామన్నమాట. ఈలోగా చిన్న పట్టణం పెద్దదైంది, అద్దెలు పెరిగాయి, కాగితం మీద మాత్రం అది ఇంకా చిన్న పట్టణమే. మన ఇంట్లో దీనివల్ల నెలకు కొన్ని వేలు తేడా వస్తుంది. అదే పాత లెక్కతో నీళ్ళ పైపు ఎంత లావు వేయాలి, బడిలో ఎన్ని గదులు కట్టాలి అని నిర్ణయిస్తే, నష్టం ఊరంతటికీ వస్తుంది.

జనం పెరగడం తగ్గుతున్నా ఇళ్ళెందుకు చాలవు?

"జనాభా ఎక్కువైంది, అందుకే ఇళ్ళు లేవు" అనే మాట వ్యాసరచన పోటీల్లో ఏటా చదువుతాం. ఈ మాటలో సగమే నిజం. మన దేశం 1952లోనే కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. అప్పట్లో ఒక స్త్రీకి సగటున ఆరుగురికి దగ్గరగా పిల్లలు పుట్టేవారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆ సగటు 2.0కు దిగింది. ఒక తరం స్థానంలో మరో తరం రావడానికి సుమారు 2.1 కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7, తెలంగాణలో 1.8, బీహారులో 3.0. ఇప్పటికే పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళై, వారికి పిల్లలు కలిగే దాకా మొత్తం జనాభా పెరుగుతూనే ఉంటుంది. 2060ల తొలి ఏళ్ళలో దాదాపు 170 కోట్లకు చేరి, ఆ తరువాత తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా.

అయితే ఇళ్ళ అవసరం జనాభా కంటే వేగంగా పెరుగుతుంది. ఇందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, కుటుంబం చిన్నదవుతోంది. 2001లో సగటు కుటుంబంలో 5.3 మంది ఉండేవారు, 2011లో 4.9 మంది. ఒక చిన్న లెక్క చేద్దాం. 53,000 మంది ఉన్న పట్టణంలో కుటుంబానికి 5.3 మంది చొప్పున ఉంటే 10,000 ఇళ్ళు చాలు. 4.9 మంది చొప్పున ఉంటే దాదాపు 10,800 ఇళ్ళు కావాలి. ఒక్క మనిషి కూడా పెరగకుండానే 800 ఇళ్ళు ఎక్కువ కావలసి వచ్చాయి.

రెండో కారణం, మనుషులు కదులుతున్నారు. 2011 లెక్కల్లో 45 కోట్లకు పైగా జనం అంతకుముందు వేరే చోట ఉండి వచ్చినవారుగా నమోదయ్యారు. వారిలో పెళ్ళయి అత్తవారి ఊరికి వెళ్ళిన స్త్రీలు పెద్ద భాగం; పని కోసం కదిలినవారూ కోట్లలో ఉన్నారు. 2011 నుండి 2036 వరకు దేశ జనాభా సుమారు 31 కోట్లు పెరుగుతుందని, ఆ పెరుగుదలలో 73 శాతం పట్టణాల్లోనే ఉంటుందని ప్రభుత్వ నిపుణుల బృందం అంచనా వేసింది. పిల్లలు తక్కువగా ఉన్న రాష్ట్రాలకు పనిచేసే చేతులు కావాలి. యువకులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు పని కావాలి. కాబట్టి రాబోయే ఏళ్ళలో కదలిక ఇంకా పెరుగుతుంది.

ఇది తెలుగువారికి కొత్త కాదు. పాలమూరు నుండి వెళ్ళిన కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోశారు, రాళ్ళు పేర్చారు. శ్రీకాకుళం జిల్లా నుండి బయలుదేరినవారు ఎన్నో నగరాల్లో కట్టడాల పనిలో ఉన్నారు. నేడు హైదరాబాదులో అపార్టుమెంట్లు కడుతున్నవారిలో బీహారు, ఒడిశా నుండి వచ్చినవారు చాలామంది. వీళ్ళూ మనలాగే ఊరు మారే కుటుంబాలు. వీళ్ళ చేతిలో బదిలీ ఉత్తర్వు ఉండదు, జీతంలో అద్దె భత్యమూ ఉండదు.

ఇల్లు లేనివారు, మనుషులు లేని ఇళ్ళు

2012లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో దాదాపు 1 కోటీ 88 లక్షల ఇళ్ళు తక్కువగా ఉన్నాయని తేల్చింది. అందులో 95 శాతానికి పైగా పేద, అల్పాదాయ కుటుంబాలకు కావలసినవే. 2011 జనాభా లెక్కల్లోనే ఇంకో అంకె ఉంది. పట్టణాల్లో దాదాపు 1 కోటీ 11 లక్షల ఇళ్ళు ఖాళీగా తాళం వేసి ఉన్నాయి. ఒకపక్క ఇల్లు లేని మనుషులు, ఇంకోపక్క మనుషులు లేని ఇళ్ళు.

ఎందుకిలా అయింది? కొన్ని ఇళ్ళు పొదుపు కోసం కొన్నవి. అద్దెకిస్తే ఖాళీ చేయరేమోనన్న భయంతో యజమానులు తాళం వేసి ఉంచుతారు. కొన్ని ఊరికి దూరంగా, నీళ్ళూ బస్సూ లేనిచోట కట్టినవి. అక్కడ ఉంటే కూలి డబ్బు చార్జీలకే పోతుంది. మరికొన్ని అవసరమున్నవారు కొనలేనంత ఖరీదైనవి. కాబట్టి ఇన్ని లక్షల ఇళ్ళు కట్టాం అన్న అంకె ఒక్కటే చాలదు. ఎవరికోసం కట్టాం, ఎక్కడ కట్టాం, కొనడానికా అద్దెకా అని కూడా అడగాలి. 2011లో పట్టణ కుటుంబాల్లో 27 శాతానికి పైగా అద్దె ఇళ్ళలోనే ఉన్నాయి. ప్రభుత్వ పథకాల్లో మాత్రం ఎక్కువ శ్రద్ధ సొంత ఇంటి మీదే.

సొంత ఇల్లు చెడ్డదని కాదు. మన అమ్మానాన్నలు కూడా పదవీ విరమణ తరువాత ఎక్కడో ఒక ఇల్లు ఉండాలనే పొదుపు చేస్తారు. కానీ ఎనిమిది నెలల పనికి నగరానికి వచ్చిన తాపీ మేస్త్రీకి అక్కడ ఫ్లాటు కొనమని అప్పు ఇస్తే ఏం లాభం? అతనికి కావలసింది నెలవారీ అద్దెకు ఒక గది, కుళాయి, మరుగుదొడ్డి, దగ్గర్లో బడి.

చండీగఢ్ చెప్పే పాఠం

ప్రణాళిక గురించి మాట్లాడేటప్పుడు అందరూ చండీగఢ్ పేరు చెబుతారు. ఫ్రాన్స్‌లో స్థిరపడిన వాస్తుశిల్పి లె కార్బూజియే రూపొందించిన ఆ నగరాన్ని 5 లక్షల మందికి సరిపడేలా ఉద్దేశించారు. వెడల్పైన వీధులు, సెక్టారుకో బడి, సెక్టారుకో బజారు. మనలో కొందరు అక్కడ చదివినవాళ్ళూ ఉంటారు. 2011 నాటికి చండీగఢ్ జనాభా 10 లక్షలు దాటింది.

అంత జాగ్రత్తగా గీసిన పటంలో కూడా ఒక లోపం ఉంది. నగరాన్ని కట్టిన కూలీలు, ఊడ్చేవారు, రిక్షా తొక్కేవారు ఎక్కడ ఉండాలన్నదానికి పటంలో తగినంత చోటు దొరకలేదు. వారు తాత్కాలిక లేబర్ కాలనీల్లో ఉన్నారు. 4వ కాలనీ, 5వ కాలనీ అని అంకెలే వాటి పేర్లు. తాత్కాలికం అన్నవి ఏళ్ళ తరబడి నిలిచాయి. 5వ కాలనీని 2013లో, 4వ కాలనీని 2022లో తొలగించారు. లెక్కకు అందిన కుటుంబాలకు చిన్న ఫ్లాట్లు దొరికాయి.

ఈ కథలోనే ఒక మంచి మలుపు కూడా ఉంది. 2020లో కేంద్ర ప్రభుత్వం వలస కార్మికుల కోసం అందుబాటు అద్దె ఇళ్ళ సముదాయాల పథకం తెచ్చింది. ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్ళను అద్దె ఇళ్ళుగా మార్చడం అందులో ఒక భాగం. చండీగఢ్ శివార్లలోని మలోయాలో 2,000కు పైగా ఫ్లాట్లను అలా మార్చారు. ఖాళీ ఇల్లు, ఇల్లు లేని మనిషి ఒకచోట కలవడం సాధ్యమేనని దీంతో తెలిసింది. ఇది నాలుగైదు చోట్ల ఆగిపోకూడదని మా కోరిక.

నీళ్ళు ముందు, గోడలు తరువాత

ఇంకొక లెక్క. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు ఇవ్వాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. వెయ్యి ఇళ్ళ కాలనీలో ఇంటికి నలుగురు చొప్పున 4,000 మంది ఉంటే రోజుకు 5 లక్షల 40 వేల లీటర్లు కావాలి. అందులో సుమారు 80 శాతం మురుగై తిరిగి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే 4 లక్షల 32 వేల లీటర్ల మురుగు రోజూ ఎక్కడికో వెళ్ళాలి. దీనికి దారి చూడకుండా ఇళ్ళు కడితే ఆ మురుగు చెరువులోకే పోతుంది.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఎగువన రెండు జలాశయాల ఆలోచన సాగింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అవి వరదను ఆపాయి, తాగునీరూ ఇచ్చాయి. చెన్నై కథ వేరు. ఆ మహానగరం దాహం తీర్చడానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తమ కృష్ణా వాటాల్లోంచి 5 టీఎంసీల చొప్పున ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. అలా వచ్చిందే తెలుగుగంగ కాలువ. అయినా 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండిపోయి, జోలార్‌పేట నుండి రైలులో నీళ్ళు తేవలసి వచ్చింది. నగరం ఎంత పెరగవచ్చో చెప్పేది చివరికి నీరే.

"వసతులిస్తే ఇంకా వస్తారు"

కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. వచ్చినవారికల్లా ఇల్లూ నీళ్ళూ ఇస్తే నగరాలకు ఇంకా జనం వచ్చి పడతారని. ఈ భయాన్ని తీసిపారేయలేం. కానీ మనుషులు పని కోసం వస్తారు, గది కోసం రారు. గది లేకపోయినా వస్తారు. అద్దె చౌకగా దొరికే నాలా గట్టు మీదో, వరద వచ్చే పల్లంలోనో ఉంటారు. వారు రాకుండా గేటు వేయడం సాధ్యం కాదు, న్యాయమూ కాదు. చేయవలసింది రెండు పనులు. చిన్న పట్టణాల్లో కూడా పని దొరికేలా చూసి, ఎనిమిది మహానగరాల మీద భారం తగ్గించాలి. వచ్చినవారికి చోటు ముందే చూపాలి.

అద్దె ఇళ్ళు కట్టి నడపడం ప్రభుత్వానికి నష్టమని ఇంకో మాట. మరి మన క్వార్టర్లు ఏమిటి? ప్రభుత్వం కట్టి, లైసెన్సు ఫీజు తీసుకుని, ఒక కుటుంబం వెళ్ళగానే మరో కుటుంబానికి ఇచ్చే ఇళ్ళే కదా. దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి అది. ఊరు మారే ఉద్యోగికి అది అవసరమని దేశం ఒప్పుకున్నప్పుడు, ఊరు మారే కూలీకి అవసరం లేదని ఎలా అంటాం?

కదిలే మనుషులను గుర్తు పెట్టుకుంటే ఏర్పాట్లు చేయడం కష్టం కాదని ఇప్పటికే రుజువైంది. 2022 నాటికి ఒక దేశం, ఒక రేషన్ కార్డు ఏర్పాటు అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. సొంత ఊరి కార్డుతో వేరే రాష్ట్రంలో బియ్యం తీసుకోవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ పాఠశాలలో పిల్లల చేరికను ఆపకూడదు. బియ్యం, బడి మనిషితో పాటు కదలడం మొదలైంది. మిగిలింది ఇల్లు.

మనం అడగవలసినవి, చేయవలసినవి

ప్రతి నగర ప్రణాళికలో కొత్త ఇళ్ళలో కొంత భాగం అద్దెకే అని ముందుగా రాసి ఉంచాలి. ఆ ఇళ్ళు పని దొరికే చోటుకు దగ్గరగా ఉండాలి. నీళ్ళు ఎక్కడి నుండి వస్తాయో, మురుగు ఎక్కడికి పోతుందో తేల్చాకే కట్టడానికి అనుమతి ఇవ్వాలి. జనాభా లెక్కలు సమయానికి జరగాలి. నిర్మాణ స్థలాల్లో, ఇటుక బట్టీల్లో, వంతెనల కింద ఉన్నవారిని వదలకుండా లెక్కించాలి.

మీరు చేయగలిగింది కూడా ఉంది. లెక్కల అధికారి మీ తలుపు తట్టినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు తొందరలో ఉంటే, మీరే వారిని కూర్చోబెట్టి వివరాలు సరిగ్గా చెప్పించండి. "ఎలాగూ బదిలీ అయిపోతాం, ఈ ఊరి లెక్కలో మనమెందుకు" అనుకోనివ్వకండి. ఇప్పుడున్న ఊరి నీళ్ళు ఏ నది నుండో, ఏ చెరువు నుండో వస్తున్నాయో కనుక్కోండి. దాన్ని ఒక పటంగా గీసి తెస్తే తరువాతి సంచికలో వేద్దాం. మన కాలనీలో కొత్త బ్లాకు కడుతున్నచోట రేకుల షెడ్డులో ఉండే పిల్లలు ఏ బడికి వెళుతున్నారో అడగండి. వెళ్ళకపోతే మాకు చెప్పండి. దగ్గరి ప్రభుత్వ పాఠశాలలో వారిని చేర్పించడానికి ఉపాధ్యాయులం మేము తోడు వస్తాం.

ఆ పిల్లలు మన కొత్త క్వార్టర్ల గోడలు లేచేదాకా ఇక్కడ ఉండి, తరువాత ఇంకో ఊరికి వెళతారు. అక్కడ వారికి నీళ్ళున్న ఒక గది, పేరు రాసుకునే ఒక బడి ముందే సిద్ధంగా ఉండాలని మనం కోరుకోవాలి. పెద్దయ్యాక మీలో కొందరు ఇంజనీర్లు, కలెక్టర్లు అవుతారు. అప్పుడు కొత్త కాలనీకి సంతకం పెట్టేముందు ఈ పిల్లలు ఎక్కడ ఉంటారో ఒకసారి అడగండి.